శ్రుతి, స్మృతి, శాంతరాజు అన్నయ్య

ఈమధ్య ఒక మంగళవారం శాంతరాజు అన్నయ్య రేపల్లె నుంచి పొద్దుటి బండికి తెనాలి వచ్చాడు. ఒక భుజాన గిటారు, ఇంకో చేతిలో కూరగాయల సంచి. గిటారు ఆయనతో పాటే ముసలిదయింది. సంచిలో బెండకాయలు మాత్రం లేతవి, కొల్లూరు లంకల నుంచి ఎవరో తెచ్చిచ్చారట. ఆయన మా పెద్దమ్మ కొడుకు, నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. డెబ్బైకి రెండేళ్ళ దూరంలో ఉన్నాడు. తెలుగులో రాక్ పాటలు పాడేవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టే రోజుల్లో ఆయనొక చిటికెనవేలు. బాపట్లలో చదువుకునేటప్పుడు ముగ్గురు స్నేహితులతో కలిసి 'ఉప్పుగాలి' అని ఒక బృందం పెట్టాడు. ఆ తర్వాత ఒక ఆఫీసులో గుమాస్తాగా పనిచేస్తూనే నలభై ఏళ్ళలో ఐదు ఆల్బములు తెచ్చాడు. ఇప్పుడు ఆరోది ఫోనులో పెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

గేటు దగ్గర పక్కింటి సుబ్బలక్ష్మిగారు గిటారు వంక చూస్తుంటే, కొంచెం గొప్పగానే చెప్పాను. "మా అన్నయ్యండి. కొత్త ఆల్బం చేశాడు."

"అలాగా అండి. ఎవరి పెళ్ళిది?" అన్నారావిడ.

అన్నయ్య నవ్వలేదు. మామూలుగా అయితే ఆ మాటను వారం రోజులు ఊళ్ళన్నీ తిప్పేవాడు. లోపలికొచ్చి, కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, ఇంకా తడి ఆరని మీసంతోనే అడిగాడు.

"కరుణా, ఐదు పాటలు వినిపిస్తాను. మొదటి కేసెట్టుకి ఇది తూగుతుందో లేదో నిజం చెప్పు. తూగకపోతే బయటికి వదలను. గిటారు అటకెక్కిస్తాను, ఇక పాడను."

"నేనెవర్ని అన్నయ్యా చెప్పడానికి? తెలుగు టీచర్ని. ఎర్రసిరాతో సున్నాలు చుట్టడం తప్ప ఏం తెలుసు నాకు?"

"అందుకే నిన్ను అడుగుతున్నా. రెండో కేసెట్టు తెచ్చినప్పుడు ఏమన్నావు? 'బాగుంది గానీ' అన్నావు. మూడోదానికీ 'బాగుంది గానీ'. ఐదింటిలో నాలుగింటికి అదే మాట. ఊరంతా అదే మాట అనుకో, కానీ వాళ్ళందరికంటే ముందు అన్నదానివి నువ్వు. నా గానమంతా నీ 'గానీ' దగ్గర ఆగిపోయిందే."

నా పేరు కరుణ. పాటల మీద తీర్పులు చెప్పేవాళ్ళకి ఉండకూడని పేరు, నాకు సరిపోని పేరు కూడానని ఆ క్షణాన అనిపించింది.

ఆ మొదటి కేసెట్టు పుట్టింది రేపల్లెలో, మా అమ్మమ్మ ఇంట్లో. వేసవి సెలవులకి పిల్లలందరం అక్కడే చేరేవాళ్ళం. తెల్లవారుజామున అమ్మమ్మ పంపు దగ్గర ముఖం కడుక్కుని, కళ్ళజోడు పైట చెంగుతో తుడుచుకుని, ప్రార్థన మొదలుపెట్టేది. ఆ ప్రార్థనలో బంధువులందరి పేర్లూ వరసగా వచ్చేవి. ఎవరిమీదైనా కోపంగా ఉంటే ఆ పేరు చివరికి జరిగేది. కాబట్టి ముందురోజు ఎవరేం తప్పు చేశారో పడకల మీద నుంచే మాకు తెలిసిపోయేది. ప్రార్థన కాగానే పొయ్యి మీద పాలు పొంగేవి, వీధిలో ఎండురొయ్యలమ్మే ఆవిడ కేక వినిపించేది, మేం పళ్ళు తోముకోకముందే ఇల్లంతా పాలూ రొయ్యలూ కలిసిన ఒక వాసన కమ్ముకునేది. ఆ వాసనని బాగుందని అనలేను, బాగాలేదని అననివ్వను.

అమ్మమ్మకి ఎండ మీద నమ్మకం ఎక్కువ. దేవుడి తర్వాత సూర్యుడికే మార్కులు వేసేది. డాబా మీద పాత చీర పరిచి వడియాలు, ఊరమిరపకాయలు, చింతపండు, తలగడలు, పాటల పుస్తకం, తాతయ్య పెళ్ళినాటి కోటు, అన్నీ ఎండబెట్టేది. మమ్మల్ని కూడా నూనె రాసి అదే డాబా మీద నిలబెట్టేది. ఆ వడియాల పక్కనే ఒక స్టీలు పళ్ళెంలో, వరసగా బారులు తీరి, టార్చిలైటు సెల్లులు ఉండేవి. అయిపోయిన సెల్లును పారేయడం ఆవిడ దృష్టిలో పాపం. ఎండలో పెడితే ప్రాణం వస్తుందనేది. నిజంగానే కొంచెం వచ్చేది. ఆ సెల్లులతో టార్చి వేస్తే పసుపు నీళ్ళలాంటి వెలుతురు పడేది. "చూశారా, బతికింది," అనేది అమ్మమ్మ. ఆ కాలంలో మా వీధిలో ఇలా సెల్లులు ఎండబెట్టని ఇల్లు లేదు. ఇవాళ ఈ సంగతి చెబితే సైన్సు చదువుకున్న మా అమ్మాయి నన్ను జాలిగా చూస్తుంది.

అలాంటి ఇంటికి ఒక వేసవిలో అన్నయ్య బాపట్ల నుంచి ముగ్గురు స్నేహితుల్నీ, ఒక ఎలక్ట్రిక్ గిటారునీ, పెళ్ళి మేళంవాళ్ళ దగ్గర అడిగి తెచ్చిన డ్రమ్ములనీ వెంటబెట్టుకుని దిగాడు. వాటిని చూసి అమ్మమ్మ కళ్ళజోడు సర్దుకుంది.

"ఏంట్రా శాంతం ఇదంతా?"

"రాక్ సంగీతం అమ్మమ్మా."

"రాక్ అంటే?"

"రాయి."

"రాయి మీద ఇల్లు కట్టుకోమన్నారు గుళ్ళో పాస్టరుగారు. రాళ్ళు పెట్టి కొట్టుకోమనలేదు," అంది అమ్మమ్మ. కొట్టనివ్వనని మాత్రం అనలేదు. వాళ్ళు నలుగురూ డ్రమ్ములు బిగిస్తుంటే, పేరు శాంతరాజు, చేసేదంతా అశాంతి అని గొణుక్కుంటూ నలుగురికీ అన్నం పెట్టింది. ఆ వారంలోనే జంపని నుంచి ఒకాయన ఎవరో చెప్పగా విని, "బ్యాండ్ ఇక్కడేనా అండి?" అంటూ వచ్చి, కూతురి పెళ్ళి ఊరేగింపుకి ఎంతమంది వస్తారు, బూరా ఊదేవాళ్ళు ఉన్నారా అని అడిగాడు. అన్నయ్య పౌరుషంగా లేదన్నాడు. డ్రమ్ములవాడు మాత్రం, "ఊదేవాళ్ళు లేరు గానీ, ఊగేవాళ్ళు ఉన్నారండి," అన్నాడు. వెళ్ళి వాయించి వచ్చారు కూడా. అన్నయ్య పాడుతుంటే పెళ్ళికొడుకు గుర్రం ముందుకు కదలలేదట. అన్నయ్య దాన్ని మెచ్చుకోలు కిందే రాసుకున్నాడు.

పాటలు రికార్డు చేయడానికి మావయ్య ఓడ ఉద్యోగంలో ఉన్నప్పుడు తెచ్చిన టేపు రికార్డరు ఉంది. హాల్లో ఉన్నది ఒక్కటే ప్లగ్గు, అది గిటారు యాంప్లిఫైయరుకి పోయింది. అందుకని టేపు రికార్డరు సెల్లుల మీద నడపాలని తీర్మానం. రెండు మీటలు కలిపి నొక్కే బాధ్యత నాది. నా జీవితంలో నేను సంగీతానికి చేసిన సేవ అదొక్కటే. ఆ ఒక్కటీ ఎలా చేశానో చెప్పాల్సిన చోటికి వస్తున్నాను.

ఆ సాయంత్రం గుడి నుంచి తెచ్చిన హార్మోనియంతో శ్రుతి చేసుకున్నారు. ఫ్యాను చప్పుడు టేపులో పడుతుందని ఆపేశారు. చెమటలు కారుస్తూ ఆరు పాటలు పాడారు. మూడో పాట చివర గోడగడియారం ఏడు కొట్టింది. వంటింటి గుమ్మంలో నుంచి అమ్మమ్మ, "ఒరేయ్ శాంతం, అన్నం చల్లారిపోతోందిరా," అంది. రెండూ టేపులో పడ్డాయి. మళ్ళీ పాడే ఓపిక లేక అలాగే ఉంచేశారు. ఆరో పాట అయ్యేసరికి సెల్లులు చచ్చిపోయాయి, రాత్రంతా కరెంటు లేదు, పొద్దున్నే అన్నయ్యావాళ్ళు బాపట్ల వెళ్ళిపోయారు. కాబట్టి ఏం పాడారో ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. మొదటిసారి విన్నది బాపట్లలో, కేసెట్టు కాపీలు తీసే షాపులో, శుభ్రమైన కరెంటు మీద.

అక్కడ వినిపించిన గొంతు ఎవరూ ఊహించనిది. సన్నగా, వేడిగా, తీగ మీద నిప్పురవ్వ పాకుతున్నట్టు ఉంది. అన్నయ్యే నమ్మలేదట. "నాదేనా?" అన్నాడట. షాపాయన తల కూడా ఎత్తకుండా, "టేపులో ఎవరి గొంతైనా మారిపోద్దండి," అన్నాడట. నిజమే, అప్పట్లో మొదటిసారి తన గొంతు టేపులో విన్న ప్రతివాడూ నాది కాదనేవాడు. అమ్మమ్మ మాట పదేళ్ళ పిల్ల పలికినట్టు వినిపిస్తే కూడా మేం నవ్వుకున్నామే తప్ప అనుమానపడలేదు. 'పాటపోటు' అని పేరు పెట్టి కాపీలు తీశారు. బాపట్ల హాస్టళ్ళలో, సూర్యలంక ఇసుకలో, వేటపాలెం దాకా ఆ కేసెట్టు చేతులు మారింది. "రెండో వైపు వినాలి గురూ, పాట పాటకీ పైకి పోతాడు, ఆరో పాటలో ఆకాశాన్ని అంటుకుంటాడు," అని చెప్పుకున్నారు. నేనూ చెప్పాను. మా అన్నయ్య అని కాలేజీలో చెప్పుకుని, ఆ వెలుగులో నేనూ రెండేళ్ళు గొప్పదాన్నయ్యాను.

ఆ తర్వాత వచ్చినవాటిలో ఆ గొంతు లేదు. రెండో కేసెట్టులో అరుపు ఉంది, మూడోదాంట్లో ఆయాసం ఉంది. నాలుగూ ఐదూ వచ్చేసరికి జనం వినడం మానేసి, మొదటిదాన్ని తలుచుకోవడం మొదలుపెట్టారు. నేను మాత్రం విని, 'గానీ' తగిలించి పంపేదాన్ని.

మంగళవారం నాటికి వస్తాను. అన్నయ్య ముందు పాత కేసెట్టు వినిపిస్తానన్నాడు. దాన్ని ఫోనులోకి ఎక్కించుకుని తెచ్చాడు, పోల్చి చూడడానికి. ఇద్దరం హాల్లో కూర్చున్నాం. అమ్మమ్మ గోడగడియారం ఇప్పుడు మా హాల్లోనే ఉంది. ఆవిడ పోయాక పంపకాల్లో ఎవరూ అడగనిది అదొక్కటే కాబట్టి నాకొచ్చింది. ఫోనులో మూడో పాట అయిపోతూ గడియారం ఏడు కొట్టడం మొదలుపెట్టింది. అది పూర్తయ్యీ కాకుండానే గోడమీద గడియారం పదకొండు కొట్టింది. ఒకటే గడియారం, రెండు గొంతులు. ఫోనులోది స్కూలు గంటలా టింగుమంది, గోడమీదది బావిలోంచి వచ్చినట్టు డాంగుమంది.

అన్నయ్య ఫోను ఆపేశాడు. "ఈ గడియారం రిపేరు చేయించావా?"

"కీ ఇవ్వడం తప్ప ఏమీ చేయలేదు అన్నయ్యా."

"మళ్ళీ కొట్టించు."

స్టూలెక్కి ముల్లు తిప్పాను. పన్నెండు కొట్టింది. ఆయన గిటారు మీద ఆ స్వరం వెతుక్కుని, ఫోనులో మళ్ళీ వినిపించి, దాన్నీ వెతుక్కున్నాడు. "ఇంకోసారి," అన్నాడు. ఒంటిగంట. "ఇంకోసారి." రెండు. కిటికీలోంచి సుబ్బలక్ష్మిగారు, "కరుణగారూ, టైమెంతండి?" అని అడిగారు. నాకు తెలియదండి అన్నాను, నిజంగానే తెలియదు. మా హాల్లో సాయంత్రం ఐదయ్యేసరికి అన్నయ్య గిటారు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు.

"టేపులో గంట ఒకటిన్నర మెట్టు ఎక్కువ. మనుషుల గొంతు మారుద్ది, కంచు గంట మారదు కదా. టేపు నిదానంగా తిరిగింది కరుణా, మనం పాడినప్పుడు. తర్వాత మామూలుగా తిప్పితే అంతా పైకి పోయింది. కొత్త సెల్లులే కదా వేశాం. ఎందుకు నిదానిస్తుంది?"

నేను స్టూలు మీదే నిలబడి ఉన్నాను. దిగితే ఎదురుగా కూర్చోవాలి. దిగకుండానే చెప్పాను. "నువ్విచ్చిన ఆరు కొత్త సెల్లుల్లో మూడు నా ట్రాన్సిస్టరులో వేసుకున్నాను అన్నయ్యా. సినిమా పాటలు వినడానికి. టేపులో వాటి బదులు అమ్మమ్మ ఎండబెట్టినవి వేశాను. బతికాయి కదా అనుకున్నాను."

ఆయన ఫోనులో ఏదో మీట నొక్కి, టేపు వేగం కొంచెం కొంచెం తగ్గిస్తూ, గడియారం గొంతు మా గోడమీది గొంతుతో కలిసేదాకా తెచ్చాడు. పాట మొదలయింది. ఆ నిప్పురవ్వ లేదు. బరువైన, కొంచెం తడబడే, పల్లవి ఎత్తుకోవడానికి ముందు ఊపిరి వెతుక్కునే ఇరవైరెండేళ్ళ కుర్రాడి గొంతు. ఇవాళ నా ఎదురుగా కూర్చున్న మనిషి గొంతే, ముడతలు లేకుండా. పాట చివర గడియారం ఏడు కొట్టింది. "ఒరేయ్ శాంతం, అన్నం చల్లారిపోతోందిరా."

అది అమ్మమ్మ. పదేళ్ళ పిల్ల కాదు. పొగాకు నమిలే అలవాటు వల్ల కొంచెం బొంగురుగా, కోపం లేని కేకలాగా, మేమిద్దరం మరిచిపోయిన ఆ గొంతు. ఇన్నేళ్ళూ టేపులోనే ఉంది, మేమే వేగంగా తిప్పాం. అన్నయ్య ఆ మాట మళ్ళీ వినిపించాడు. ఇంకోసారి వినిపించాడు. నేను స్టూలు దిగి కింద కూర్చున్నాను.

"రెండో కేసెట్టప్పుడు మొదటిదానితో కలిపి వాయిస్తే గిటారు శ్రుతి అందలేదు," అన్నాడు ఫోను పక్కన పెట్టి. "గుడి హార్మోనియం శ్రుతి ఎక్కువేమో అనుకున్నాను. వెళ్ళి చూద్దామంటే అప్పటికే ఎలకలు కొట్టేశాయి. తీగలు బిగించాను, తెగాయి. గొంతు బిగించాను, అదీ తెగింది. గుంటూరులో డాక్టరు మాట్లాడొద్దన్నాడు, నెలరోజులు పలక మీద రాసి చూపించాను మీ వదినకి. మిరియాలు, తేనె, కరక్కాయ. ఇరవైరెండేళ్ళకే నా గొంతు అయిపోయిందనుకున్నానే. ఎవడినో అందుకుందామని నలభై ఏళ్ళు అరిచాను. వాడు లేడు."

"తప్పు నాది అన్నయ్యా."

"నీదే," అన్నాడు. సర్దిచెప్పలేదు. ఆయన లేచి వరండాలోకి వెళ్ళి, అటు తిరిగి నిలబడ్డాడు. నేను బెండకాయలు కోయడం మొదలుపెట్టాను, చేతులకి ఏదో పని కావాలి కాబట్టి. విద్యార్థులు రాసినదాంట్లో తప్పులు వెతకడమే ముప్పై ఏళ్ళు చేశాను. ఒక మనిషి బతుకులో నేను చేసిన తప్పు ఎంత పెద్దదో కొలవడానికి నా దగ్గర ఏ కొలతా లేదు. ఆ రెండో కేసెట్టు అరుపూ, మూడోదాని ఆయాసమూ ముసలితనం కాదు, ప్రతిభ అడుగంటడం కాదు. మూడు ఎండు సెల్లులు. దాని మీద నా 'గానీ'.

బెండకాయలు సగం అయ్యాక లోపలికొచ్చాడు. "నా కొత్తది విను. ఇప్పుడు దేనితోనూ పోల్చడానికి లేదు. ఎలా ఉంటే అలా చెప్పు."

కత్తిపీట వాల్చేసి విన్నాను. ఐదు పాటలూ విన్నాను. శ్రుతి దించుకుని పాడాడు. పోయిన ఏడాది నుంచి గొంతు ఇక పైకి పోదని ఒప్పుకుని దించాడట, ఓడిపోయానని. అది ఓటమి కాదని అప్పటికి ఆయనకీ తెలియదు, సొంత ఇంటికి వచ్చాడంతే.

"మొదటి పాట సాగింది. సగానికి కోయాలి. రెండూ మూడూ బాగున్నాయి, ఐదో పాట అక్కర్లేదు, అందులో నువ్వు కుర్రాడిలా నటిస్తున్నావు. నాలుగోది..." అని ఆగాను.

"నాలుగోది?"

"నువ్వు ఇంతవరకూ పాడినవాటిలో అదే మంచిది. పాతదాంట్లో కూడా అంతటిది లేదు."

"ఐదో పాట ఎందుకు అక్కర్లేదు? మీ వదినకి అదే ఇష్టం."

"వదినకి నువ్వు ఇష్టం. పాట కాదు."

అప్పుడు నవ్వాడు, ఆ రోజుకి మొదటిసారి. ఐదో పాట గురించి భోజనం దగ్గర కూడా పోట్లాడుకున్నాం. తీసేయనన్నాడు, తీసేశాడు. నాలుగు పాటలతో ఆల్బం ఆ వారంలోనే బయటికి వదిలాడు.

మొన్న ఆదివారం బాపట్లలో పాత స్నేహితులు ఒకచోట చేరి ఆయన చేత పాడించారు. నన్నూ రమ్మన్నారు. ఆ రోజుల్లో డ్రమ్ములు వాయించిన ఆయన ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో కుర్చీలో కూర్చున్నాడు. "కొత్తది విన్నాన్రా. బాగుంది. కానీ మొదటిది మొదటిదే. ఆ గొంతు దేవుడు ఒకసారే ఇస్తాడు. పెళ్ళయిన కొత్తలో మా ఆవిడా నేనూ రోజూ వినేవాళ్ళం, ఆ ఆరో పాట," అన్నాడు. పక్కనున్న ఇద్దరు తలలూపారు. ఒకాయన కళ్ళు మూసుకుని ఆ పాట కూనిరాగం తీశాడు, అదే ఎత్తులో, అందక దగ్గుతూ.

నేను నోరు తెరిచాను. సెల్లుల సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. తప్పు నాదని అందరి ముందూ చెప్పి బరువు దించుకోవాలనిపించింది. అన్నయ్య నా వైపు చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఆడించాడు. తర్వాత గిటారు సర్దుకుంటూ నాకు మాత్రమే వినపడేలా, "ఉండనీవే. ఆ గొంతు నాది కాదని తేలింది కదా. వాళ్ళది. వాళ్ళ దగ్గర్నుంచి లాక్కోవడానికి నేనెవర్ని," అన్నాడు.

తర్వాత నాలుగో పాట పాడాడు. కింది శ్రుతిలో, తొందర లేకుండా, ఊపిరి కావలసిన చోట ఆగి తీసుకుంటూ. పాట అయ్యాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. డ్రమ్ములాయన కుర్చీ చేతిమీద వేళ్ళతో తాళం ఇంకా వేస్తూనే ఉన్నాడు. మొదటిదాని గురించి మళ్ళీ ఏమైనా అంటాడేమోనని ఎదురుచూశాను. కాసేపటికి వేళ్ళు ఆపి, "అదింకోసారి పాడరా శాంతం," అన్నాడు.